రోజా లేని ఫోను ఉప్పు చూసింది

వినుకొండ పక్కన ఓ ఊళ్ళో, పరుపులు కుట్టే దస్తగిరి ఇంట్లో తెలివి మహా ఎక్కువని ఊరందరికీ తెలుసు. ఎందుకంటే ఆ ఇంటివాళ్ళే అందరికీ చెప్పారు. దస్తగిరి, తమ్ముడు మౌలాలి, దస్తగిరి భార్య రసూల్‌బీ, ముగ్గురిదీ ఒకటే గొప్ప: ఎవరేం చెప్తే అది చెప్పినట్టు చేస్తారు.

ఆ రంజాన్‌లో మసీదుకి ఇఫ్తారు గంజి కాచే వంతు మొదటిసారి వాళ్ళకొచ్చింది. రెండొందల మంది రోజా ఉపవాసం విడిచేది ఆ గంజితోనే. అది చెడితే వీధిలో తలెత్తుకోలేరు. అందుకని, ఫోన్లో మాట్లాడే ఏఐని అడగొచ్చా అని ముందు మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ని కనుక్కున్నారు.

"అడగండి, తప్పులేదు. కానీ అది యంత్రం. దానికి రోజా లేదు, నమాజు లేదు. రేపు అల్లా ముందు జవాబు చెప్పుకోవాల్సింది మీరే, అది కాదు. అనుమానమొస్తే తెలిసిన మనిషిని అడగండి" అన్నాడాయన.

"నలుగురికి ఒక గ్లాసు బియ్యం" అంది ఫోను. అంతే. వీధిలోవాళ్ళని నలుగురేసి పిలిచి, ఎండలో పొయ్యి ముందు నిలబెట్టి, ఒక్కో గ్లాసు పోశారు. అలా యాభైసార్లు. ఖర్మగాలి కొలత సరిపోయింది, దాంతో వాళ్ళకి ధైర్యం వచ్చేసింది.

"సన్నమంట మీద మూతపెట్టి ఉడికించండి" అంది ఫోను. ఇంకేముంది, మౌలాలి డేగిసా మీది మూత తీసి మంట మీద పెట్టాడు. పొయ్యి చచ్చిపోయింది. మళ్ళీ అంటించేసరికి పొద్దు వాలింది.

"రుచి చూసి తగినంత ఉప్పు వేయండి" అంది ఫోను.

ముగ్గురూ బిక్కమొహాలేశారు. ముగ్గురికీ రోజా ఉంది.

"రోజా లేనివాళ్ళెవరున్నారు వదినా?" అన్నాడు మౌలాలి.

"ఇదుందిగా. హజ్రత్ గారే చెప్పారు" అంది రసూల్‌బీ.

అంతే, ఫోన్ని గరిటెకి కట్టి కుతకుతలాడే గంజిలో ముంచి తీశారు.

"ఈ సంచెడు ఉప్పు వేసెయ్యమంటావా?" అని దాన్నడిగాడు మౌలాలి. ఫోను పలకలేదు.

"మౌనం అర్ధాంగీకారం రా. సగానికి ఒప్పుకుంది, సగం వెయ్యి" అన్నాడు దస్తగిరి.

అజాన్ అయింది. పొద్దుట్నుంచీ నీళ్ళు ముట్టని జనం ఒక్కో గుక్క తాగి ఆగిపోయారు. పళ్ళులేని పాచ్చా తాత గ్లాసు కిందపెట్టి మంచినీళ్ళకోసం దిక్కులు చూస్తుంటే పాపం అనిపించింది.

"రుచి చూడలేదా?" అన్నాడు హజ్రత్.

"ఫోను చూసిందండి."

"వండేవాళ్ళు నాలిక కొసన పెట్టి ఉమ్మేస్తే రోజా పోదు కదయ్యా. నన్నడగొచ్చుగా?"

"మీరూ రోజాలో ఉన్నారుగా. రుచి చూడమని మిమ్మల్నెలా అడుగుతామండీ?"

హజ్రత్ తల పట్టుకున్నాడు. "జవాబు మీదేనని ముందే చెప్పాను" అన్నాడు.

"మాదేనండి" అని దస్తగిరి తలొంచుకున్నాడు. "దీన్నేం అనకండి. గంజి తాగిందగ్గర్నుంచీ మాట్లాడట్లేదు. తప్పు తెలుసుకుని ఇదీ రోజా పట్టినట్టుంది."

మగ్రిబ్ నమాజు వేళ దాటిపోతోంది, ఇంకా పస్తుంచడం పాపం అనుకుని, ఖర్జూరం ఒకటి తీసి ఫోను చార్జింగ్ కంతలో కుక్కబోయాడు.

"గింజ తీసి పెట్టయ్యా" అంది రసూల్‌బీ. "గొంతుకడ్డం పడుద్ది."