గడియ గిన్నె

నెల రోజులుగా నాగలింగం మనసు మనసులో లేదు. తన పని ఊడిపోతుందని భయం.

మఠంలో అతని పని జేగంట కొట్టడం. గంగాళం నిండా నీళ్ళు, నీళ్ళ మీద తేలుతూ ఓ రాగి గిన్నె, గిన్నె అడుగున సూది మోపినంత చిల్లు. చిల్లులోంచి నీళ్ళెక్కి గిన్నె బుడుంగున మునిగిందంటే ఒక గడియ అయినట్టు. వెంటనే గంట కొట్టాలి, గిన్నె తీసి నీళ్ళు వంచేసి మళ్ళీ నీళ్ళ మీద వదలాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకే దాకా ముప్పై గడియలు. ఏడేళ్ళుగా ఇదే పని. పూజైనా, పాఠమైనా, భోజనమైనా అతని గంట వింటేగాని మఠంలో ఎవరూ కదలరు. అది తల్చుకుని లోలోపల మురిసిపోయేవాడు కూడాను, పాపం!

అలాంటి చోటికి పంపాపతి అని ఓ కొత్త శిష్యుడు వచ్చాడు. అంతకుముందు ఏదో కోటలో గంట కొట్టేవాడట. వచ్చిన రోజే గంగాళం దగ్గర నిలబడి, "మా కోటలో ఒక్క గంట కాస్త ఆలస్యంగా మోగితే చాలన్నా, ఆ పూటే మూటాముల్లే సర్దించేవాళ్ళు," అన్నాడు.

అంతే, నాగలింగానికి గుండెల్లో రాయి పడింది. అసలు ఇతన్ని స్వామి ఎందుకు చేర్చుకున్నట్టు? తన చోట్లో కూర్చోబెట్టడానికి కాకపోతే?

ఆనాటి నుంచి పంపాపతిని గంగాళం ఛాయలకు రానిస్తే ఒట్టు. "సాయం చెయ్యనా అన్నా?" అంటే, "నీకెందుకు, వెళ్ళి పూలు కోసుకో," అని కసిరేవాడు. ఆలస్యమన్న మాట రాకూడదని, గిన్నె అంచు నీటికి దగ్గరవగానే వేలితో నొక్కి ముంచేసి ఠంగున గంట కొట్టేసేవాడు. అలా గడియ గడియకీ కాస్త కాస్త తరిగి, మధ్యాహ్నం గంట కొట్టేసరికి సూర్యుడింకా తూర్పు దిక్కునే ఉండేవాడు. ఒకరోజు అందరూ విస్తళ్ళ ముందు బుద్ధిగా కూర్చున్నారు. వంటింట్లోంచి సిద్ధమ్మవ్వ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"నీ గంటకి నా పప్పు ఉడకదురా నాయనా! ఇంకా పలుకు మీదుంది. గట్టి పళ్ళున్నవాళ్ళని చెయ్యెత్తమను, వాళ్ళకైతే వడ్డిస్తాను!"

అందరూ పడీ పడీ నవ్వారు. నాగలింగానికి ఏడుపొక్కటే తక్కువ. పొద్దుగూకాక నేరుగా గురువు మరుళయ్య స్వామి దగ్గరికి వెళ్ళాడు.

"స్వామీ, నా పని ఉంటుందా, పోతుందా? ఏదో ఒకటి చెప్పెయ్యండి. ఈ దిగులు నేను పడలేను."

"రేపు నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాలే," అన్నారు స్వామి.

అన్నట్టే మర్నాడు తెల్లవారకముందే వచ్చి కూర్చున్నారు. ఆయన ముందు గిన్నె మీద వేలు పెట్టే ధైర్యం నాగలింగానికి ఎక్కడిది? చచ్చినట్టు అది మునిగేదాకా ఆగి ఆగి కొట్టాడు. పధ్నాలుగు గడియలు అలాగే గడిచాయి. పదిహేనోది మధ్యాహ్నపు గంట.

గిన్నె బుడుంగున మునిగింది. నాగలింగం కొయ్యసుత్తి అందుకోబోయాడు. స్వామి అతని చెయ్యి పట్టుకున్నారు.

"స్వామీ, మునిగింది!"

"చూశాను."

"గంట కొట్టాలి స్వామీ!"

"కొడదాంలే. ఎండ బాగా కాస్తోంది కదూ?"

గిన్నె గంగాళం అడుగున పడి ఉంది. నాగలింగానికి ముచ్చెమటలు పోశాయి. ఏడేళ్ళలో అది అంతసేపు అడుగున ఉండటం అతను చూసి ఎరగడు. "అయిపోయింది, నా పని పోయింది," అంటూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అప్పుడు అతని చెయ్యి వదిలారు స్వామి. మోచేతి దాకా నీళ్ళలో చెయ్యి పెట్టి గిన్నె తనే తీశారు. నీళ్ళు వంచారు. మళ్ళీ నీళ్ళ మీద తేలనిచ్చారు.

"ఊఁ, ఇప్పుడు కొట్టు."

కళ్ళు తెరిచి కొట్టాడు నాగలింగం. ఆ మోత ఆగకముందే వంటింట్లోంచి కేక వినబడింది. "శభాష్‌రా నాయనా! ఇన్నాళ్ళకి సరిగ్గా కొట్టావు. పప్పు వెన్నలా ఉడికింది, రండి రండి!"

పంపాపతి మాత్రం ముఖం పాలిపోయి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ఇంత ఆలస్యమైందేం! ఇందులో సగం ఆలస్యానికే నన్ను కోటలోంచి పంపేశారు."

నాగలింగం నోరు తెరిచాడు. "నిన్నా? పంపేశారా?"

"ఒకే ఒక్క గంట ఆలస్యంగా కొట్టానన్నా. కాస్త కునుకు పట్టింది," అని తల దించుకున్నాడు పంపాపతి.

స్వామి కండువాతో చెయ్యి తుడుచుకుంటూ లేచారు. "నాగలింగం, ఈ గిన్నె రోజుకి ఎన్నిసార్లు మునుగుతుందిరా?"

"ముప్పైసార్లు స్వామీ."

"మునిగిందని ఈ ఏడేళ్ళలో ఒక్కసారన్నా అవతల పారేశావా?"

ఆ మాట అని, ఆకలేస్తోందంటూ భోజనాలకి వెళ్ళిపోయారాయన.

నాగలింగం నీళ్ళ మీద తేలుతున్న గిన్నెకేసి చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చున్న చోటే కాస్త పక్కకి జరిగాడు.

"రా తమ్ముడూ, కూర్చో. ఈసారి గంట నువ్వు కొడుదువుగాని."