బాతుల నాంచారమ్మ సొమ్ము రాబట్టుకున్న కథ

అనగనగా కొల్లేటి నడుమ ఒక లంక ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ. ఆవిడకి నూటపాతిక బాతులు. ఇలా దగ్గరికి జరుగు తల్లీ, దుప్పటి కాళ్ళమీదికి లాక్కో. ఆఁ, ఇప్పుడు విను.

పొద్దున్నే నాంచారమ్మ గూడు తలుపు తీసేది. బాతులన్నీ బిలబిలా నీళ్ళలోకి దిగేవి. సాయంత్రం ఆవిడ "బో బో బో" అని పిలిస్తే వరసకట్టి వచ్చేవి. మొగుడు ఏడుకొండలు చేపల చెరువుకి కాపలా. ఇద్దరికీ ఆ బాతులే పిల్లాజెల్లా.

అయితే బాతుతో ఒక చిక్కుంది. గుడ్డు పెడుతుంది గానీ దాన్ని పొదగదు. పెట్టేసి నీళ్ళలోకి పోతుంది. అందుకని ఏటేటా నాంచారమ్మ బాతుపిల్లల్ని బయట కొనుక్కోవాల్సి వచ్చేది. కొన్నవాటిలో సగం దారిలోనే నీరసపడి చచ్చిపోయేవి. వాటిని పాతిపెట్టినప్పుడల్లా ఆవిడకి మనసు పాడైపోయేది.

అందుకని గుడ్లు పొదిగే కరెంటు పెట్టె కొనుక్కోవాలని ఆశపడింది. ఏడాదిపాటు గుడ్లమ్మిన డబ్బులోంచి కొంచెం కొంచెం దాచింది. పొదిగించడానికి పనికొచ్చే గుడ్లు అరవై ఏరి, తవుడు పోసిన బుట్టలో పేర్చి పెట్టుకుంది.

అప్పుడు ఒకరోజు ఫోన్లో ఒక వీడియో కనిపించింది. అద్దాల పెట్టె, లోపల పచ్చటి దీపం, గుడ్డు చిట్లించుకుని తొంగిచూస్తున్న బాతుపిల్ల. కింద ఫోన్ నంబరు. నాంచారమ్మ ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే తెలీదు.

ఫోన్ చేస్తే ఒక అబ్బాయి ఎత్తాడు. గొంతు తేనెలా ఉంది.

"అక్కా, పదివేల ఐదొందలు. ఇంటికే పంపిస్తాం. ముందు నాలుగువేలు వెయ్యండి చాలు."

గుడ్ల వ్యాపారి ఆవిడకి డబ్బు ఫోన్లోనే వేస్తాడు కాబట్టి ఫోన్లో పంపడం ఆవిడకీ వచ్చు. నాలుగువేలు పంపింది. మర్నాడు పొద్దున ఒక ఫొటో వచ్చింది. లారీలో అట్టపెట్టె, దానిమీద నాంచారమ్మ పేరు. "బండెక్కిందక్కా, మిగతాది వేసెయ్యండి" అన్నాడు. ఆరువేల ఐదొందలు పంపింది. ఆ తర్వాత గంటకి మళ్ళీ ఫోన్.

"అక్కా, చెక్‌పోస్టులో బండి ఆపేశారు. ఐదువేలు కట్టాలంట. పెట్టెతోపాటు మీ డబ్బు మీకు తిరిగిచ్చేస్తారు."

అప్పుడు నాంచారమ్మ ఆగింది. తిరిగిచ్చే డబ్బు అసలు తీసుకోవడం ఎందుకు అనిపించింది.

"బండి ఏ ఊళ్ళో ఆగింది నాయనా? డ్రైవరు నంబరు ఇయ్యి, నేనే మాట్లాడతాను" అంది.

ఫోన్ పెట్టేశాడు. ఆవిడ మళ్ళీ చేసింది. మోగలేదు. ఇంకోసారి చేసింది. మోగలేదు. వీడియోలో బాతుపిల్ల మాత్రం తొంగిచూస్తూనే ఉంది.

నాంచారమ్మ గుమ్మంలో కూలబడింది. డబ్బు పోయినందుకు కాదమ్మా, తనంత గట్టి మనిషి ఇంత తేలిగ్గా మోసపోయిందేమిటని సిగ్గు. ఎవరికి చెప్పుకుంటుంది?

ఏడుకొండలు అన్నానికొస్తే తల దించుకుని చెప్పింది. ఆయన తిట్టలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకుని, "పోన్లే, కొల్లేట్లో పడ్డ ఉంగరం అనుకో" అన్నాడు. తిట్టినా బాగుండు అనుకుంది నాంచారమ్మ. సగం తిన్న ఆ కంచం చూసేసరికి ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఉంగరం పడిపోతే పోయినట్టే. ఇది పడిపోలేదు. ఒకడు తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.

వెంటనే చెప్పులేసుకుని పోస్టాఫీసుకి వెళ్ళింది. అక్కడ కనకవల్లిగారని పోస్టమ్మ. ఊళ్ళో అందరి ఉత్తరాలూ, పింఛన్లూ చూసేది ఆవిడే. చెప్పిందంతా విని కనకవల్లిగారు గోడ గడియారం చూసింది.

"రెండోసారి పంపి ఎంతసేపైంది పిన్నీ?"

"మూడు గంటలవుతుందేమో."

"అయితే ఇక్కడ కూచుని ఏడవకు. పందొమ్మిది ముప్ఫైకి ఫోన్ చెయ్యి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. ఇలాంటి మోసాలకి సర్కారువాళ్ళు పెట్టిన నంబరు అది. డబ్బు వాడి ఖాతా దాటిపోకముందే పట్టుకోవాలి."

నాంచారమ్మ చేసింది. అవతల ఒకాయన నింపాదిగా అడిగాడు. ఎంత పంపావు, ఎప్పుడు పంపావు, ఏ నంబరుకి పంపావు. డబ్బు పంపినప్పుడల్లా ఫోన్లో పన్నెండంకెల నంబరు ఒకటొస్తుంది కదా, అది కూడా చెప్పమన్నాడు. కనకవల్లిగారు చూసి చెబుతుంటే ఈవిడ ఒక్కొక్క అంకే పలికింది. కాసేపటికి ఫిర్యాదు నంబరు మెసేజిగా వచ్చింది. దాన్ని ఒక కాగితం మీద రాయించుకుని రవికలో దోపుకుంది.

ఆ తర్వాత పడవలో నీళ్ళు దాటి, బస్సెక్కి, టౌనుకి వెళ్ళింది. ముందు బ్యాంకులో కాగితం ఇచ్చింది. అక్కణ్ణుంచి సైబరు పోలీసుల దగ్గరికి వెళ్ళింది. బల్ల దగ్గర కానిస్టేబులు రాసుకుంటూ అన్నాడు.

"నీ చేత్తో నువ్వే ఇచ్చావు కదమ్మా. ఎవరూ లాక్కోలేదు కదా."

"ఇచ్చింది పెట్టె కోసమండి. వాడి మొహం చూసి కాదండి" అంది నాంచారమ్మ.

లోపలి గదిలోంచి ఎవరో నవ్వారు. ఎస్సై మెహరున్నీసాగారు. ఆవిడ లోపలికి పిలిచి కూచోమంది. కంప్యూటర్లో చూసి, "అమ్మా, సమయానికి ఫోన్ చేశావు. ఆరువేల ఐదొందలు వాడి ఖాతాలోనే చిక్కాయి. మొదట వేసిన నాలుగువేలు మాత్రం వాడప్పుడే తీసేశాడు. ఖాతా ఆపించాం. ఇక వాడు అందులోంచి రూపాయి కదపలేడు" అంది.

"నాలుగువేలూ కావాలండి" అంది నాంచారమ్మ.

"చూద్దాం. నీలాగా ఇంకెవరైనా పోగొట్టుకున్నవాళ్ళుంటే వాళ్ళనీ ఫిర్యాదు చెయ్యమను. కేసు గట్టిపడుతుంది."

ఇంటికొచ్చేసరికి తవుడు బుట్టలో గుడ్లు అలాగే ఉన్నాయి. వారం దాటితే అవి పిల్లలవ్వవు. పెట్టె లేదు. ఏం చేస్తుంది? ఊళ్ళో మూడిళ్ళకి వెళ్ళి పొదుగుకొచ్చిన కోడిపెట్టల్ని అడిగింది. ఒకరు ఎర్ర పెట్టనిచ్చారు. ఒకరు నల్ల పెట్టనిచ్చారు. మూడో ఇంటావిడ ఇవ్వడానికి కాస్త గునిసింది. పుట్టిన పిల్లల్లో రెండు నీకేనంటే బోడి మెడ పెట్టనిచ్చింది. ఒక్కో కోడి కిందా పదేసి గుడ్లే పట్టాయి. మిగతా ముప్పై సంతలో కూర గుడ్ల ధరకి అమ్మేసింది.

కోడి గుడ్డుకి ఇరవైయొక్క రోజులు చాలు. బాతు గుడ్డుకి ఇరవైయెనిమిది. పాపం ఆ కోళ్ళకి ఈ సంగతి ఎవరు చెప్పారు? అయినా ఇంకో వారం కదలకుండా కూచున్నాయి. ఇరవైరెండు పిల్లలొచ్చాయి. వాటిని నీటి ఒడ్డుకి తీసుకెళితే బుడుంగుబుడుంగున దూకేశాయి. కోళ్ళు మాత్రం పిల్లలు మునిగిపోతున్నాయనుకుని గట్టుమీద అటూ ఇటూ పరుగులు, ఒకటే అరుపులు. నవ్వుతున్నావా? నాంచారమ్మ కూడా నెల్లాళ్ళ తర్వాత అప్పుడే నవ్వింది.

ఇదిలా ఉండగా, ఆవిడ కనకవల్లిగారి చేత ఆ వీడియో కింద రాయించింది. "ఈ అబ్బాయికి డబ్బు కట్టి మోసపోయినవాళ్ళు నాకు ఫోన్ చెయ్యండి. బాతుల నాంచారమ్మ." కింద నంబరు పెట్టింది. వాడు తుడిపేశాడు. మళ్ళీ రాయించింది. మళ్ళీ తుడిపేశాడు. మూడోసారి రాయించి, తుడిపేలోపల ఫొటో తీసి నాటుకోళ్ళ వాళ్ళూ, బాతుల వాళ్ళూ ఉండే గ్రూపులన్నిటికీ పంపించింది.

అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. మదనపల్లె నుంచి ఒకావిడ, టర్కీ కోళ్ళు పెంచుతుందట. తుని నుంచి ఒక రిటైరైన మేస్టారు. నల్గొండ నుంచి అన్నదమ్ములిద్దరు. ఇలా తొమ్మిదిమంది తేలారు. అందరూ సిగ్గుపడి నోరు మెదపకుండా కూచున్నవాళ్ళే. "సిగ్గుపడాల్సింది మనం కాదండి" అని నాంచారమ్మ అందరిచేతా ఫిర్యాదు చేయించింది. ఆ మాట వాళ్ళకి చెప్పి చెప్పి, ఆఖరికి తను కూడా నమ్మింది.

ఖాతా బిగుసుకుపోయేసరికి వాడికి ఊపిరాడలేదు. తొలిసారి ఫోన్ చేసి బెదిరించాడు. "కేసు తీసెయ్యకపోతే నీ సంగతి చూస్తా" అన్నాడు. ఈవిడ ఫోన్ పెట్టేసింది. రెండోసారి బతిమాలాడు. "అక్కా, సగం ఇచ్చేస్తాను, రాజీకొచ్చాననండి" అన్నాడు. ఈవిడ ఒప్పుకోలేదు. మూడోసారి ఫోన్ చేసి మొత్తం ఇస్తానన్నాడు.

"మొత్తం పదివేల ఐదొందలు చేతికిస్తానక్కా. రాజీపడ్డానని కాగితం మీద సంతకం పెట్టండి చాలు. ఎల్లుండి పొద్దున గుడివాడ బస్టాండుకి రండి."

నాంచారమ్మ లెక్క వేసుకుంది. మొత్తం సొమ్ము. ఒక్క సంతకం. ఏడుకొండలు కూడా, "తీసేసుకోవే, ఇంక మనకెందుకు" అన్నాడు.

"మరి మదనపల్లె ఆవిడో? ఆ మేస్టారో?" అంది.

"అయితే నేనూ వస్తాను" అన్నాడాయన.

వెళ్ళేముందు మెహరున్నీసాగారికి ఫోన్ చేసి చెప్పేసింది. ఆ పొద్దున బస్టాండులో టీకొట్టు దగ్గర ఇద్దరు మామూలు బట్టల్లో నిలబడి టీ తాగుతున్నారు. వాళ్ళు పోలీసులని మనకి తెలుసు, వాడికి తెలీదు.

వాడొచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, పాతికేళ్ళుంటాయేమో. చేతిలో కాగితం, పెన్ను. నాంచారమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది.

"నాయనా, ఒకటడుగుతాను చెప్పు. బాతు గుడ్డు ఎన్ని రోజులకి పిల్లవుతుంది?"

వాడు తెల్లమొహం వేశాడు. "పది... పదిహేను" అన్నాడు.

"నీకు తెలీని పెట్టె, నీ దగ్గర లేని పెట్టె, మాకు అమ్మావా" అంది నాంచారమ్మ. గొంతు పెంచలేదు. టీ తాగేవాళ్ళిద్దరూ గ్లాసులు బల్లమీద పెట్టి వచ్చి వాడి చెరో భుజమ్మీదా చెయ్యి వేశారు.

ఆ తర్వాత కోర్టు పని. మూడు వాయిదాలు పడ్డాయి. మూడింటికీ నాంచారమ్మ పడవలో నీళ్ళు దాటి, బస్సెక్కి వెళ్ళింది. ఆఖరి రోజున తొమ్మిదిమందీ వచ్చారు. అన్నాళ్ళూ ఫోన్లో గొంతులే, మనుషుల్ని చూడటం అప్పుడే. జడ్జిగారు కాగితాలన్నీ చూసి, ఆపి ఉంచిన ఖాతాలోంచి, వాడి దగ్గర దొరికిన సొమ్ములోంచి, ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యమని చెప్పారు. నాంచారమ్మ అడిగిన ఆ నాలుగువేలతో సహా.

కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద అందరూ కూచున్నారు. నాంచారమ్మ తను తెచ్చిన అన్నం, బాతు గుడ్ల పులుసు క్యారేజీ విప్పింది. మేస్టారు రెండుసార్లు అన్నం కలుపుకుని, "జీవితంలో నేను డబ్బు కట్టి తిన్న అతి ఖరీదైన భోజనం ఇది" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

వారానికి నాంచారమ్మ ఫోన్ టింగుమంది. ఖాతాలో పదివేల ఐదొందలు పడ్డాయి. మొగుడికి చూపించింది. ఏడుకొండలు ఆ మెసేజి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చదివి, "నాకు అన్నం పెట్టు" అన్నాడు. ఆ పూట కంచం ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

మర్నాడు ఇద్దరూ ఏలూరు వెళ్ళారు. కొట్లో పెట్టె తెరిపించి, కరెంటు పెట్టించి, వెచ్చదనం చేత్తో చూసుకుని, బిల్లు చేతపట్టుకుని కొన్నారు. బస్సు టాపు మీద ఎక్కించడానికి నాంచారమ్మ ఒప్పుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ మోగింది. ఎవరో తెలీని అమ్మాయి, ఏడుపుతో మాట రావడం లేదు. కుట్టుమిషనుకని డబ్బు కట్టి మోసపోయిందట. ఎవరో ఈ నంబరిచ్చారట.

నాంచారమ్మ బాతుల మేత గంప కింద పెట్టి, గట్టుమీద కుదురుగా కూచుంది.

"ఏడుద్దువుగానీ అమ్మా, నేనూ తోడుంటాను. ముందు ఇది చెప్పు. డబ్బు పంపి ఎంతసేపైంది?"

కథేమో కంచి దారి పట్టింది,
బాతేమో గూటి దారి పట్టింది,
పోయిన సొమ్ము ఇంటి దారి పట్టింది,
మా చిన్నితల్లికి కునుకు పట్టింది.