ఆవిరిని పట్టిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిసాములో దిట్ట. రెండోవాడు గుర్రపుస్వారీలో దిట్ట. మూడోవాడైన హేమాంగుడికి మాత్రం కాలు ఒకచోట నిలిచేది కాదు. అమ్మమ్మ ఇచ్చిపోయిన సిరినంతా కుండలకూ, కొలుములకూ, గాజు గొట్టాలకూ పోసి, తోటలో పాక వేసుకుని ఎప్పుడూ ఏదో ఒకటి కాచేవాడు, వడపోసేవాడు, రుచి చూసేవాడు.

"ఆస్థానంలో ఇంతమంది పండితులుండగా నీకెందుకు నాయనా ఈ మసి?" అనేవాడు రాజు.

"వాళ్ళు చదివింది చెబుతారు నాన్నగారూ. నాకు చూసి తెలుసుకోవాలని ఉంది."

ఒక ఏడాది సముద్రం పొంగి ఊళ్ళమీద పడింది. బావులన్నీ ఉప్పుకషాయం అయిపోయాయి. పసిపిల్లలు దాహంతో సొమ్మసిల్లుతున్నారు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడి దీవిలో తీయని ఊట ఉందని విని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. హేమాంగుడు రాగిబిందె, గాజు గొట్టం పడవలో వేసుకుని బయల్దేరాడు. వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది ముందు ఈదుతూ దారి చూపింది.

దీవిలో ఊట పక్కనే అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె కువలయ పంజరంలోని చిలుకకు గింజలు పెడుతోంది.

"ఊటను ముట్టుకున్నారు, రాళ్ళయ్యారు," అందామె. "కరాళుడి ప్రాణం ఈ చిలుకలో ఉంది. ఇది ఈ ఊటవి కాని తీయని నీళ్ళు తాగితేనే వాడు చచ్చి మంత్రం తెగుతుంది. ఈ దీవిలో వాన కూడా పడదు!"

హేమాంగుడు సముద్రపు నీళ్ళు బిందెలో పోసి పొయ్యి ముట్టించాడు. మొదటిసారి ఆవిరంతా గాలిలో కలిసిపోయింది. రెండోసారి గట్టిగా మూతపెడితే అది ఎగిరి చెయ్యి కాలింది. మూత అడుగున వేలాడుతున్న చుక్క వేలిమీద పడింది. నాకి చూశాడు. తియ్యగా ఉంది!

"కరాళుడు వచ్చేస్తున్నాడు, తొందరగా!" అని ఒడ్డునుంచి తాబేలు అరిచింది.

మూడోసారి మూతకు కన్నంచేసి గొట్టం బిగించాడు. కువలయ తన పైట చింపి, తడిపి గొట్టానికి చుట్టింది. చుక్క, చుక్క, చుక్క. చిప్పలో నీళ్ళు చేరాయి.

"ఇవి తాగితే నేనూ చస్తానా?" అంది చిలుక.

హేమాంగుడు చిప్పను వెనక్కి తీసుకున్నాడు. "తెలియదమ్మా. నీకు అబద్ధం చెప్పలేను."

చిలుక పంజరం ఊచలకేసి చూసింది. "ఇలా బతకడం విసుగైపోయింది. ఇలా పట్టు," అని ముక్కు ముంచింది.

అప్పుడే దీవిమీద అడుగుపెట్టిన కరాళుడు పెద్ద కేకపెట్టి బూడిదై రాలిపోయాడు. చిలుక మాత్రం రెక్కలు విదిలించుకుని, కువలయ భుజమ్మీద వాలింది. రాళ్ళు కదిలి, అన్నలిద్దరూ కళ్ళు నులుముకున్నారు.

ఊటనీళ్ళు పడవలనిండా ఇంటికి చేరాయి. ఆపైన హేమాంగుడు ఊరూరా తిరిగి బిందె బిగించడం నేర్పాడు. అతనికీ కువలయకూ అంగరంగవైభవంగా పెళ్ళైంది. రాజు ఆ దీవిని వాళ్ళకే ఇచ్చాడు.

పెళ్ళిపందిట్లోనే కువలయ అడిగింది: "ఇకనైనా కుదురుగా కూర్చుంటారా?"

"కూర్చుంటాను... కానీ ఈ సముద్రానికి అంత ఉప్పు ఎక్కడిదంటావు?"

ఆమె నవ్వి కొంగుముడి విప్పింది. "పదండి, పడవ తీద్దాం."

అలా వెతుక్కుంటూనే వాళ్ళు తలలు పండేదాకా చల్లగా ఏలారు. విన్న మీరూ చల్లగా ఉండండి.