చిప్పవ్వ చుట్టపు రాయి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పాముకు పుట్ట ఉంది, పిట్టకు గూడు ఉంది, అందరికీ చుట్టాలూ పక్కాలూ ఉన్నారు. సూదన్న అనే ఏదుపందికి మాత్రం ఒక బొరియ, ఒంటినిండా ముళ్ళు, బోలెడంత ఒంటరితనం ఉన్నాయి.

సూదన్న చెడ్డవాడేం కాదు పిల్లలూ. అతని తిప్పలన్నీ ఆ ముళ్ళతోనే. ఉలిక్కిపడితే చాలు, అవి వాటంతటవే లేచి నిలబడతాయి. ఒక ఎండాకాలం మడుగు దగ్గర నీళ్ళకోసం తోపులాట జరిగింది. ఎవరో వెనకనుంచి నెట్టారు. ముళ్ళు లేచాయి. పక్కనున్న జింకపిల్ల కాలికి ఒకటి గుచ్చుకుంది. తల్లిజింక తిట్టలేదు, కసరలేదు. ఒక్కసారి సూదన్న వైపు చూసి పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే మరిచిపోయేవాడేమో. ఆ చూపును మాత్రం మరవలేకపోయాడు. అప్పటినుంచి నలుగురున్న చోటికి వెళ్ళడం మానేశాడు. నీళ్ళు కూడా అందరూ తాగి వెళ్ళాకే తాగేవాడు. పాపం, అతనికి ఎప్పుడూ బురదనీళ్ళే దక్కేవి.

అతనికి లోకంలో ఉన్న ఆప్తురాలు ఒక్కతే. కొండమీద పసుపుకోనలో ఉండే ముసలి తాబేలు, చిప్పవ్వ. సూదన్న పసివాడిగా ఉన్నప్పుడే తల్లి పోయింది. ఆ ఏటి వానల్లో చిప్పవ్వే అతన్ని తన పక్కన పడుకోబెట్టుకుంది. ముళ్ళు గుచ్చుకోవడం లేదా అవ్వా అని అడిగితే, నా డిప్పకేం నొప్పిరా అని నవ్వింది. ఆ తర్వాత అతని పక్కన పడుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

పసుపుకోన సంగతి మీకు చెప్పాలి. వానలు వెనకబట్టి, ఆకాశం కడిగిన పళ్ళెంలా అయ్యాక, ఆ కోననిండా వలిసె పూలు విరగబూస్తాయి. ఎటు చూసినా పసుపే. ఇక నాలుగు అడవుల జంతువులూ అక్కడే. ఉడుతలు తమ చెట్టుతొర్రలను బసకు ఇచ్చేస్తాయి. ఏనుగులు ఇంటిల్లిపాదీ వచ్చి ముందు వరసలో నిలబడతాయి, వెనకున్నవాళ్ళకు పూలకు బదులు ఏనుగుల వీపులు కనిపిస్తాయి. నెమళ్ళ సంగతి సరేసరి. అవి పూలను చూడటానికి వస్తాయో, పూలకు తమను చూపించుకోవడానికి వస్తాయో ఎవరికీ తెలియదు.

ఆ కోనలో ఒక ఆచారం ఉంది. ప్రతి ఇంటివాళ్ళూ తమ పక్కన ఒక చదునురాయి వేసి ఉంచుతారు. దాన్ని చుట్టపు రాయి అంటారు. పిలిచిన చుట్టం వచ్చేదాకా, ఎంత రద్దీ ఉన్నా, దానిమీద ఇంకెవరూ కూర్చోరు. చిప్పవ్వ రాయి ఏళ్ళతరబడి ఖాళీగానే ఉంది. ఆవిడ ఏటా పిలిచేది. సూదన్న ఏటా వచ్చే ఏడు వస్తానని చెప్పి పంపేవాడు.

ఈసారి ఆశ్వయుజం రాగానే గోరింక వచ్చి బొరియ ముందు వాలింది. చిప్పవ్వ చెప్పమన్నది చెప్పినట్టే చెప్పింది.

“పూలు విచ్చాయి నాయనా. నాకు చూపు మసకబారింది. పసుపు తెలుస్తోంది గానీ పువ్వు తెలియడం లేదు. నువ్వు పక్కన కూర్చుని చెబుతుంటే, ఈ ఒక్కసారికీ కళ్ళారా చూసినట్టు ఉంటుంది. చలి పడితే నేను మట్టిలోకి దిగిపోతాను. ఆలోగా రా.”

సూదన్న ఈసారి తప్పకుండా వస్తానని మాట ఇచ్చాడు. ఉత్తమాట కాదు, నిజంగానే అనుకున్నాడు.

మర్నాడే బయల్దేరాడు. కొండదారి సగంలో ఒక మలుపు ఉంది. అక్కడ చెట్టుకొమ్మ మీద బారుతోక అనే కొండముచ్చు కూర్చుని, ఎక్కేవాళ్ళనూ దిగేవాళ్ళనూ చూస్తూ కాలక్షేపం చేస్తుంటాడు.

“పైన జనం ఎలా ఉన్నారు మామా?” అని అడిగాడు సూదన్న.

“ఇసుక వేస్తే రాలదు అల్లుడూ. పున్నమి దాటితే పలచబడతారు,” అన్నాడు బారుతోక.

పైనుంచి కేకలు, నవ్వులు, పిల్లల అరుపులు వినిపించాయి. సూదన్న ముళ్ళు గలగలమంటూ లేచాయి. ఆ పిల్లల్లో ఎన్ని జింకపిల్లలు ఉన్నాయో అనుకున్నాడు. పూలు ఎక్కడికి పోతాయిలే, పున్నమి ఎంతలో వస్తుంది అని తనకు తానే నచ్చజెప్పుకుని వెనక్కి తిరిగాడు.

పున్నమి వచ్చింది, పోయింది. సూదన్న మళ్ళీ ఎక్కాడు. బారుతోక తల అడ్డంగా ఊపాడు. తూర్పు అడవి ఏనుగులు నిన్ననే పైకి వచ్చాయట, అమావాస్య దాకా ఆగితే మంచిదట. సూదన్న ఈసారి మలుపు దాటి పది అడుగులు వేశాడు కూడా. జనం సందడి చెవిన పడగానే ముళ్ళు మళ్ళీ గలగలమన్నాయి. కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఉన్నట్టుండి పైన సందడంతా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అతనికి అర్థం కాలేదు. తననే చూశారేమో, తనను చూసే జడుసుకున్నారేమో అనుకుని గబగబా దిగిపోయాడు.

అమావాస్య కూడా దాటింది. ఈసారి బొరియలోంచి కదలనే లేదు. ఉడుతల తొర్రల్లో బసచేసినవాళ్ళు మూటాముల్లె సర్దుకుని దిగివస్తే వెళ్దామనుకున్నాడు. కార్తీకం సగానికి వచ్చింది. ఒక తెల్లవారుజామున చలి వేసి మెలకువ వచ్చింది. ఇంకొంచెం ముడుచుకుని పడుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత బారుతోక తానే కిందికి వచ్చాడు. “ఇక పో అల్లుడూ. పైన పురుగు కూడా లేదు,” అన్నాడు.

సూదన్నకు పండగే అయింది. ముళ్ళన్నీ దులుపుకున్నాడు. అవ్వకిష్టమని ఒక పెద్ద ఉసిరికాయ నోట కరుచుకున్నాడు. ఆ మలుపును ఆగకుండా దాటడం అదే మొదటిసారి. ఒక్క ముల్లూ లేవలేదు. లేవడానికి ఎవరున్నారు గనక.

కోనలో అడుగుపెట్టి నిలబడిపోయాడు. పసుపు లేదు. వలిసె కాడలు నల్లబడి వంగిపోయాయి. పిచ్చుకలు గింజలు ఏరుకుంటున్నాయి. ఉడుతల తొర్రలు ఖాళీ. నేలంతా వేల కాళ్ళు తొక్కి తొక్కి బండబారింది. గాలి తప్ప అక్కడ ఇంకెవరూ మాట్లాడటం లేదు. ఇన్నాళ్ళూ అతను కోరుకున్నది ఈ నిశ్శబ్దమే. ఇప్పుడు అదే అతన్ని భయపెట్టింది.

“అవ్వా,” అని పళ్ళ మధ్య కాయతోనే పిలుస్తూ ముందుకు నడిచాడు.

చుట్టపు రాయి కనిపించింది. దాన్ని చూడగానే సూదన్న నోట్లోని ఉసిరికాయ జారిపడింది.

చుట్టూ నేలమీద గడ్డిపరక మిగల్లేదు. రాయి చుట్టూ మాత్రం గుండ్రంగా, పచ్చగా, మోకాలెత్తు గడ్డి ఉంది. ఆ గడ్డి అంచున నేలమీద లోతుగా ఒక గాడి పడి ఉంది. సరిగ్గా ఒక ఏదుపంది ముళ్ళన్నీ విప్పుకుని నిలబడితే ఎంత చోటు కావాలో, అంత చోటు.

గోరింక వచ్చి పక్కన వాలింది.

“ఆ గాడి అవ్వ నడకే,” అంది. “రోజూ పొద్దున్నే రాయి చుట్టూ తిరిగేది. మా వాడికి ఇంత చోటు కావాలి, ముళ్ళు విప్పుకున్నా వాడికి ఇబ్బంది ఉండకూడదు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఏనుగులు కూడా కాలు పెట్టలేదు.”

గోరింక మిగతాది కూడా చెప్పింది. రెండుసార్లు మలుపు వైపునుంచి గలగల వినిపించిందట. చూపు లేకపోయినా అవ్వ చెవులు అటే ఉండేవట. రెండోసారి మరీ దగ్గరగా వినిపిస్తే, మావాడు వస్తున్నాడు దారి వదలండి అందట. అంతా మాటలు ఆపి, లేచి, రెండు పక్కలా సర్దుకుని దారి ఇచ్చారట. జింకలు కూడా. చాలాసేపు అలాగే నిలబడ్డారట.

“ఇప్పుడు అవ్వ ఏది?”

“నాలుగు రోజుల కింద చలి పడగానే ఇక్కడే మట్టిలోకి దిగింది. పెద్దప్రాణం. తొలకరికి లేస్తే లేచినట్టు.”

సూదన్న ఆ రాయి మీద కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా. ఉసిరికాయను గడ్డిలో దాచిపెట్టి కొండ దిగాడు. దారిలో బారుతోకను చూసి దుఃఖం ఆపుకోలేక, అవ్వ ఎదురుచూస్తోందని నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం మామా అని నిలదీశాడు.

“నువ్వు జనం ఎలా ఉన్నారనే అడిగావు అల్లుడూ,” అన్నాడు బారుతోక మెల్లగా. “అవ్వ ఎలా ఉందని ఒక్కనాడూ అడగలేదు.”

తొలకరి వచ్చింది. గోరింక కబురు తేలేదు. ఆశ్వయుజం వచ్చింది. అప్పుడూ కబురు లేదు.

పూలు విచ్చిన మొదటి రోజునే సూదన్న కొండ ఎక్కాడు. పైన జనం కిటకిటలాడుతున్నారని బారుతోక చెప్పాడు. తెలుసు మామా అని ఆగకుండా వెళ్ళాడు. ముళ్ళు లేచాయి, గలగలమన్నాయి. జనం అటూ ఇటూ జరిగారు, అంతే. మళ్ళీ ఎవరి కబుర్లలో వాళ్ళు పడ్డారు.

సూదన్న చుట్టపు రాయి మీద కూర్చోలేదు. చిప్పవ్వ కూర్చునేచోట కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే ఆ గాడిలో ఒక చుట్టు తిరిగాడు. ఒక ముసలి ఎలుగుబంటి ఆ రాయి చూసి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అబ్బీ అని అడిగాడు.

“మా అవ్వ వస్తుంది,” అన్నాడు సూదన్న.

ఎలుగుబంటి పక్కకు జరిగి కూర్చున్నాడు. సూదన్న నేలకు మూతి ఆనించి చెప్పడం మొదలుపెట్టాడు. “ఇదిగో అవ్వా, తూర్పు గట్టున అన్నీ విచ్చాయి. నీ పక్కన ఉన్నదానికి ఎనిమిది రేకులు. ఒకటి కొంచెం మడతపడింది.” చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు తగ్గించి, అతన్ని చెప్పుకోనిచ్చారు.

నీతి: రద్దీ ఎప్పుడు తగ్గుతుందా అని రోజులు లెక్కపెట్టేవాళ్ళు, మన కోసం ఎదురుచూసేవాళ్ళకు ఇంకెన్ని రోజులున్నాయో కూడా తలుచుకోవాలి.