సింహం ఆకలి

మందేశ్వరరావు చేతిలో సింహం చచ్చిపోయింది. అదీ ఎప్పుడు? ఎల్లుండి పెట్టుబడిదారు వచ్చి చూస్తాడనగా.

మద్రాసులో టాకీలు కొత్తగా వస్తున్న రోజులు. ఒక రేకుల షెడ్డులో అప్పలాచారిగారు కొయ్య చట్రానికి దూది కూరి, గుడ్డ చుట్టిన బొమ్మలతో సింహం, కుందేలు కథ తీస్తున్నారు. బొమ్మను కాస్త కదపడం, ఒక ఫొటో తీయడం, మళ్లీ కాస్త కదపడం. ఆ ఫొటోలన్నీ వరసగా తిప్పితే తెర మీద బొమ్మ నడుస్తుంది. మందేశ్వరరావు ఆయన శిష్యుడు. చెయ్యి మంచిదే, నోరే కాస్త ఎక్కువ.

ఆలస్యమైన కుందేలు కోసం సింహం ఆకలితో ఎదురుచూసే ఘట్టం అతనికి అప్పజెప్పారు. తీరా తెర మీద చూస్తే, గుహ ముందు ఎవరో గడ్డిమోపు పెట్టి మరిచిపోయినట్టుంది.

"బొమ్మలోనే జీవం లేదండీ," అన్నాడు మందేశ్వరరావు.

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తానండీ? సింహం ఊరికే నిలబడి ఉంది. నిలబడ్డదాన్ని ఎందుకు కదుపుతాను?"

గురువుగారు సింహాన్ని పక్కన పెట్టి బల్ల తుడిచారు.

"ఎక్కు. చేతులు పంజాల్లా పెట్టు. కుందేలు వస్తుంది, చూస్తూ ఉండు. కదలకు."

ఎక్కాడు. సరిగ్గా భోజనాల వేళ. షెడ్డు వెనక వంటావిడ సుందరమ్మ పులుసులో ఇంగువ పోపు వేసింది. గురువుగారు ఒక ఫొటో తీసి, ముక్కుపొడి పీల్చి, తీరిగ్గా ఇంకోటి తీశారు. అలా తీస్తూనే పోయారు. అంతా అయ్యాక, ఫిల్ము కడిగి ఆరేదాకా భోజనం లేదన్నారు.

సాయంత్రం తెర మీద మందేశ్వరరావు కనిపించాడు. గుటకలు మింగుతున్నాడు. కళ్లు వంటింటివైపు జారుతున్నాయి. పొట్ట లోపలికి పోయి వస్తోంది. కాలి బొటనవేలు బల్లను గీరుతోంది. సుందరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను కదల్లేదండీ! అమ్మతోడు!"

"కదిలావని ఎవరన్నారు? ఆకలేసిందా?"

"ప్రాణం పోయిందండీ."

"కనబడుతోంది," అన్నారు గురువుగారు.

మందేశ్వరరావు తెర మీది తన పొట్టకేసి మరోసారి చూసుకున్నాడు. లేచి వెళ్లి సింహాన్ని బల్ల మీద నిలబెట్టాడు. దాని పొట్టలోని దూదిని వేలితో వెంట్రుకవాసి లోపలికి నొక్కి, ఒక ఫొటో తీశాడు.

"పులుసు వేడిచేశాను బాబూ, వచ్చి తినండి," అంది సుందరమ్మ.

"ఇప్పుడొద్దమ్మా," అన్నాడు తల తిప్పకుండా. "తింటే మరిచిపోతాను."