సింగయ్య గ్రహాంతర ప్రయాణం

దాసరిదిన్నెలో సింగయ్య ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊరు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. సింగయ్య, భార్య ఆదెమ్మ, తమ్ముడు మాలకొండయ్య రోజూ పొద్దున్నే ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకుంటే గానీ పళ్ళు తోముకునేవాళ్ళు కాదు.

ఒకసారి సింగయ్య ఒంగోలు బస్టాండులో 'గగన వేటగాళ్ళు' అనే బొమ్మల పుస్తకాల కట్ట కొనుక్కొచ్చాడు. నేనూ చదివాను. బి.ఏ.లో మాకు తర్కశాస్త్రం చెప్పిన మేష్టారు కూడా ఇలాంటివి బల్లకింద పెట్టుకుని... సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకు! వేరే గ్రహంనుంచి నల్లద్దాల టోపీలు పెట్టుకుని వేటగాళ్ళు వస్తారు. మనుషుల్ని తమ గ్రహానికి పట్టుకుపోతారు. మనుషులు వాళ్ళతో పోరాడతారు. అదీ కథ.

"ఇదంతా నిజమేనా మరిదీ?" అంది ఆదెమ్మ.

"అబద్ధానికి ఇంత సిరా ఖర్చుపెడతారా వదినా?" అన్నాడు మాలకొండయ్య.

అంతే. ముగ్గురూ పుస్తకాలు కంఠతా పట్టారు.

మాలకొండయ్యకు ముప్పై దాటాయి. వచ్చిన సంబంధమల్లా వచ్చిన దారినే పోయింది. చివరికి చెంచయ్య అనే రైతు తన కూతురికి వరుణ్ణి చూడటానికి వస్తానని కబురుపెట్టాడు. "ఇదీ తప్పితే నేనిక బ్రహ్మచారినే" అని మాలకొండయ్య దిగులుపడ్డాడు.

చెంచయ్య బస్సులో వస్తాడనుకున్నారు. ఆయన మోటారుసైకిలు మీద, నల్లద్దం హెల్మెట్టుతో దిగాడు. ఇంకేముంది!

"వేటగాడు!" అని కేకపెట్టాడు సింగయ్య.

ఒక వేటగాడు పట్టి తలకిందులుగా వేలాడదీసిన మనిషిని ఇంకో వేటగాడు ముట్టడని పుస్తకంలో ఉంది. అంతే, ముగ్గురూ ఇంటిపక్క ఖాళీగా ఉన్న, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టంలో దూరారు. ఆకు కర్రలు వేలాడదీసే వాసాలకు అన్నదమ్ములు మోకాళ్ళు తగిలించి వేలాడారు. ఆదెమ్మకు చీర అడ్డం. ఆవిడ నేలమీదే పడుకుని కాళ్ళు గోడకు ఆనించింది.

"ఇంట్లో ఎవరండీ?" అని పిలిచాడు చెంచయ్య.

"ఎవరూ లేరు! అందరినీ పట్టేశారు!" అని బ్యారన్లోంచి ముగ్గురూ అరిచారు.

చెంచయ్య లోపలికొచ్చి నోరెళ్ళబెట్టాడు. "ఏంటయ్యా ఈ వేలాడ్డం?"

"మమ్మల్ని ముట్టుకోకు. పక్కింట్లో బలమైన కుర్రాడున్నాడు, వాణ్ణి పట్టుకుపో" అన్నాడు మాలకొండయ్య.

చెంచయ్య చెమట తుడుచుకోడానికి హెల్మెట్టు తీశాడు. టోపీ తీస్తే వేటగాడు మన గాలి పడక చస్తాడని కూడా పుస్తకంలో ఉంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. ఆయన చావలేదు. ఇంకాసేపు చూశారు. తుమ్మాడు గానీ చావలేదు.

"ఇంకా చావరేంటండీ?" అని ఆదెమ్మ మర్యాదగానే అడిగింది.

"నేనెందుకు చస్తానమ్మా! పిల్ల తండ్రిని, చెంచయ్యని!"

"చావలేదంటే మనిషే" అని సింగయ్య తేల్చాడు. దిగారు. మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. విషయం విని చెంచయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"తెలివిమీరిన వాళ్ళను చాలామందిని చూశాను. ఈ అబ్బాయికి కపటం లేదు. మా పిల్లనిస్తా" అన్నాడు.

మాలకొండయ్య మొహం వెలిగిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది.

"నాకు మగపిల్లలు లేరు. పెళ్ళయ్యాక మీవాణ్ణి మా ఇంటికే తీసుకుపోతా. మళ్ళీ పంపను" అన్నాడు చెంచయ్య.

ఇల్లరికం అంటే లోకమంతటికీ తెలుసు. కానీ ఆ ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పుస్తకంలో వేటగాళ్ళనేదీ ఇదే మాట!

"తమ్ముణ్ణి వదిలెయ్! నన్ను తీసుకుపో!" అంటూ సింగయ్య హెల్మెట్టు లాక్కుని తలకు తగిలించి, బండి వెనకసీటు ఎక్కాడు.

మాలకొండయ్య కాళ్ళమీద పడ్డాడు. "అన్నా, నాకోసం నా పెళ్ళి కూడా నువ్వే చేసుకుంటున్నావా!"

ఆదెమ్మ కళ్ళొత్తుకుంటూ గోంగూర జాడీ తెచ్చింది. "అన్నయ్యగారూ, మీ అమ్మాయికి చెప్పండి. మా ఆయన పులుపు లేనిదే ముద్ద ఎత్తరు."

చెంచయ్య వెనక్కి చూడకుండా, బండి కూడా వదిలేసి, పొలాలకు అడ్డంపడి పరుగెత్తాడు.

సింగయ్య మాత్రం వెనకసీటు మీద బిగుసుకుని కూర్చున్నాడు. నల్లద్దంలోంచి అంతా చీకటి.

పక్కనే నిలబడిన ఆదెమ్మ గట్టిగా అరిచింది. "ఏమండీ, చేరారా?"

"చేరానే! ఇక్కడెవరో ఆడమనిషి అచ్చం నీ గొంతుతోనే పలకరిస్తోంది."

ఆదెమ్మ జాడీ కిందపెట్టి కొంగు బిగించింది.

"ఎవతండీ అది?"