ఖాళీ బండికి కట్టిన దారం

అనగా అనగా, ఎంత కాలం కిందటో. కారు పోతోందంటే జనం పనులొదిలి రోడ్డెక్కి చూసే కాలం. ఏడు మలుపుల కనుమ కింద ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో కంబగిరి అనే మెకానిక్కు ఉండేవాడు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అక్క సుంకమ్మ పెంచింది. ఆస్తి అంటే ఒక స్పానర్ల పెట్టె, ఒక దారపుండ.

కంబగిరికి చదువు లేదు. అయినా కారు ముందు చక్రాలు సరిచేయడంలో అతనికి సాటి లేరు. అదేం పెద్ద పని అంటారా? చెబుతాను వినండి. పైకి నిటారుగా కనిపిస్తాయి గాని, ముందు చక్రాలకు మూడు వాలులు ఉంటాయి. తప్పటడుగులు వేసే బిడ్డ పాదాల్లాగా, వాటి ముక్కులు రవ్వంత లోపలికి చూడాలి. తలలు రవ్వంత బయటికి వాలాలి. ఇక, సైకిలు ముందు చక్రాన్ని పట్టుకున్న కమ్మీ చూశారా, పైకొన వెనక్కి వాలి ఉంటుంది. కారు చక్రం పక్కకు తిరిగే ఇరుసు కూడా అట్లాగే వాలాలి. మూడూ కుదిరితే బండి చెప్పిన మాట వింటుంది. ఒక్క నూలు తప్పితే వినదు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంతే.

అందుకే కంబగిరి దారం లాగి కొలిచేవాడు. కొలిచేముందు మూడు ప్రశ్నలు అడిగేవాడు. "ఎందరు ఎక్కుతారు? ఏం వేసుకుంటారు? ఏ దారిన పోతారు?" ఎక్కేవాళ్లందరినీ బండిలో కూర్చోబెట్టి మరీ దారం కట్టేవాడు. వెనక బరువు పడితే ముందు లేస్తుంది. ముందు లేస్తే చక్రాల ముక్కులు విడిపోతాయి. ఖాళీ బండికి కుదిరిన కొలత నిండు బండికి కుదరదు.

"ఏం బావా, చక్రాలు కొలుస్తాండావా, పెండ్లికొడుక్కి సొక్కా కుడతాండావా?" అని ఎగతాళి చేసేవాడు డ్రైవరు ఓబులేసు. ఆ చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క బాడుగ కారు అతనిది, దొరలు వదిలిపోయిన పాత బండి.

"నోరు మూసుకొని కూర్చో బావా. నువ్వు నవ్వితే ఒక నూలు తప్పుతాది," అనేవాడు కంబగిరి.

ఒక ఎండాకాలం సుంకమ్మకు జ్వరం పట్టుకుంది. మూడు రోజులైనా దిగలేదు. ఆసుపత్రి కనుమ అవతల ఉంది. ఓబులేసు బండి తెచ్చాడు. బండి ఎడమకు లాగుతోంది. అక్క అరుగు మీద పడి మూలుగుతోంది. ఈ మండుటెండలో ఆమెను బండిలో ఎంతసేపని కూర్చోబెట్టేది? కంబగిరికి మనసు రాలేదు. మొదటిసారి, ఒక్క ప్రశ్నా అడగకుండా, ఖాళీ బండికి దారం కట్టాడు.

అక్కను ఎక్కించాడు. అంతలో కనుమ దాటాల్సినవాళ్లు ఇంకో నలుగురు ఎక్కారు. వెనక రెండు వేరుశనక్కాయల మూటలు పడ్డాయి. కంబగిరికే చోటు లేకపోయింది. బండి వెనక్కి కుంగింది. అతను చూశాడు. ఆపుదామని చెయ్యి సగం లేచింది. అక్క మూలిగింది. చెయ్యి దిగింది.

"పో బావా, బిరీన పో," అన్నాడు.

బండి మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు తిరిగింది. మూడో మలుపు తిరగలేదు.

లోయలో పడి తుక్కుతుక్కయింది. ఓబులేసు కాలు విరిగింది. మిగతా నలుగురూ దెబ్బలతో బయటపడ్డారు. సుంకమ్మ పోయింది.

దినాలయ్యాక ఊరు పంచాయితీకి కూర్చుంది.

"తాగినావా?" అని ఓబులేసును అడిగాడు పెద్దమనిషి.

"లేదు సామీ. స్టీరింగు నా మాట వినలేదు."

"తాగినోని మాట పెండ్లామే వినదు, స్టీరింగు వింటాదా?" అని ఎవరో అన్నారు. జనం నవ్వారు.

రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు. అదే జవాబు. ఊరు వదిలి పొమ్మందాం అన్నారు. అప్పుడు అందరూ జాలిగా కంబగిరి వైపు తిరిగారు. "అక్కను పోగొట్టుకున్నోనివి. నువ్వు చెప్పు నాయనా, వీణ్ణి ఏం చేద్దాం?"

బండి తుక్కయింది. ఇక కొలిచి చూసేవాళ్లు లేరు. సంగతి తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే.

కంబగిరి లేచాడు.

"తప్పు నాది. ఖాళీ బండికి దారం కట్టినా. కుంగేది చూసి కూడా ఆపలేదు. ఓబులేసు తాగలేదు. మా అక్కను చంపుకున్నోణ్ణి నేను."

జనం ఒకరి వెంట ఒకరు లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత షెడ్డుకు బండి రాలేదు. ఒక నెల రాలేదు. రెండో నెల రాలేదు. మూడో నెల ఓబులేసు వచ్చాడు, చంకలో కర్రతో.

"దారం రెండో కొస ఎవరు పట్టుకుంటారు బావా?"

"బండే లేదు కదా."

"వచ్చినప్పుడు పడతాలే. జరుగు."

ఇద్దరూ రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్లు. మూడో ఎండాకాలానికి కంబగిరి పోయాడు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. అట్లా చేత్తో చక్రాలు సరిచేసేవాళ్లూ లేరు. కానీ ఆ కనుమ కింది పల్లెల్లో ఎవరి మీదైనా నింద పడి, కాదన్నా ఎవరూ నమ్మకపోతే, పెద్దవాళ్లు ఆ మనిషిని అడగడం మానేస్తారు. జనం వైపు తిరుగుతారు. "ఇందులో కంబగిరి ఎవరు?" అని ఒకసారి అడుగుతారు. రెండోసారి అడుగుతారు. మూడోసారి అడిగి, ఎవరి ముఖమూ చూడకుండా తల వంచుకొని కూర్చుంటారు, వెనక వరసలోంచి ఎవరో ఒకరు లేచేదాకా.